ఇంటర్వ్యూ లేని ఉద్యోగానికి ఇంటర్వ్యూ భయం: సరిహద్దు తెలుగు పిల్లల దరఖాస్తుల చిక్కు

పోయిన నెలలో ఒక సాయంత్రం, ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో మా ఇంటికి ఒకాయన వచ్చాడు. కొడుకు ప్లస్ టూ అయిపోయి ఖాళీగా ఉన్నాడు. పోస్టాఫీసులో గ్రామీణ డాక్ సేవక్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాడు. "ఇంటర్వ్యూలో కుర్రాడిని గట్టెక్కిస్తాం, నలభై వేలు సర్దుకోండి అంటున్నారు మాస్టారూ. ఇచ్చీమంటారా?" అని అడిగాడు. చేతిలో ఉన్న బట్ట సంచీని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద వేసి కూర్చున్నాడు. డబ్బు అందులోనే ఉంది. ఆ ఉద్యోగానికి అసలు ఇంటర్వ్యూయే లేదని చెబితే నమ్మడానికి ఆయనకి అరగంట పట్టింది. ఫోనులో నోటిఫికేషన్ తెరిచి, ఎంపిక ఎలా చేస్తారో రాసిన పేరా కొడుకు చేతే చదివించాను. అప్పటికి సంచీ మీద చేతులు వదులయ్యాయి.

బరంపురం, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తెలుగు ఇళ్ళలో ఈ అయోమయం బాగా ఉంది. హైస్కూలు పిల్లల్ని ఉద్యోగాలకి తయారుచెయ్యడం అంటే ఇంటర్వ్యూ కోచింగ్, ఇంగ్లీషులో నాలుగు ముక్కలు, మెడలో టై అనుకుంటున్నారు. పదో తరగతి, ప్లస్ టూ చదువుకి దొరికే ఉద్యోగాల్లో చాలావాటిని తేల్చేది వేరే సంగతులు. వాటిలో కొన్ని పిల్లలకి పద్నాలుగేళ్ళు రాకముందే తేలిపోతాయి. అప్పుడు ఎవరూ పట్టించుకోరు.

దేనికి ఇంటర్వ్యూ ఉంది, దేనికి లేదు

ఉద్యోగంలో చేరే దారిలో మామూలుగా నాలుగు మెట్లుంటాయి. దరఖాస్తు అంటే మన వివరాలు మనమే రాసిచ్చి, అవి నిజమని ఒప్పుకోవడం. రాతపరీక్ష ఇప్పుడు చాలావరకు కంప్యూటర్ మీదే. ఇంటర్వ్యూ అంటే ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడించి చూడటం. నాలుగోది సర్టిఫికెట్ల పరిశీలన, అంటే దరఖాస్తులో రాసింది అసలు కాగితాలతో సరిపోతోందా అని చూడటం.

కేంద్ర ప్రభుత్వం గ్రూప్ సి, గ్రూప్ డి ఉద్యోగాలకీ, గ్రూప్ బిలో గెజిటెడ్ కాని ఉద్యోగాలకీ 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలు ఎత్తేసింది. కింది స్థాయి ఉద్యోగాల్లో సిఫార్సులకీ లంచాలకీ ఇంటర్వ్యూయే సందు అవుతోందని చెప్పి తీసుకున్న నిర్ణయం అది. పదో తరగతితో దొరికే కేంద్ర ఉద్యోగాలు దాదాపు అన్నీ ఈ గుంపులోవే. రైల్వే లెవెల్ వన్ పోస్టులకి కంప్యూటర్ పరీక్ష, పరుగు, బరువు మొయ్యడం, సర్టిఫికెట్లు, మెడికల్. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వారి మల్టీ టాస్కింగ్ స్టాఫ్ ఉద్యోగానికి కంప్యూటర్ పరీక్ష, ఆ తర్వాత సర్టిఫికెట్లు. రైల్వేలో అప్రెంటిస్‌గా చేరాలంటే పరీక్ష కూడా లేదు, పది మార్కులూ ఐటీఐ మార్కులూ కలిపి సగటు తీస్తారు.

గ్రామీణ డాక్ సేవక్ సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. పదో తరగతి మార్కుల శాతాన్ని నాలుగు దశాంశాల దాకా లెక్కగట్టి మెరిట్ లిస్టు వేస్తారు. 600కి 486 వస్తే 81.0000. 487 వస్తే 81.1667. ఆ ఒక్క మార్కు తేడాలో జాబితాలో ఎంతోమంది ఇమిడిపోతారు. ఇందులో బ్రాంచ్ పోస్ట్ మాస్టర్‌కి నెలకి 12,000, అసిస్టెంట్‌కి 10,000 దగ్గర మొదలై, దాని మీద కరువు భత్యం వస్తుంది. ఈ ఉద్యోగానికి పదో తరగతి పరీక్ష హాల్లోనే ఇంటర్వ్యూ అయిపోయింది అనుకోవాలి. ఇంటర్వ్యూ లేదని తెలిసిన ఇంట్లో "ఇంటర్వ్యూ మేనేజ్ చేస్తాం" అనేవాడి ఆట సాగదు. అందుకే ఇది పిల్లలకంటే ముందు తల్లిదండ్రులకి తెలియాలి.

మరి ఇంటర్వ్యూ ఎక్కడ ఉంది? ప్రైవేటులో ఉంది. బట్టల షోరూం, ఆసుపత్రి రిసెప్షన్, ఫ్యాక్టరీ ప్యాకింగ్, కాల్ సెంటర్, హోటలు, సెక్యూరిటీ ఏజెన్సీ. మన పిల్లలు విశాఖపట్నం, శ్రీకాకుళం, భువనేశ్వర్, హైదరాబాదుల్లో కూర్చునేది ఈ ఇంటర్వ్యూలకే. దాని గురించి కింద విడిగా రాస్తాను.

పదహారేళ్ళ పిల్లకి ఏది వీలు

పది పాసయ్యేసరికి పిల్లలకి పదిహేను, పదహారేళ్ళుంటాయి. డాక్ సేవక్‌కి పద్ధెనిమిది నిండాలి. రైల్వేకీ, స్టాఫ్ సెలక్షన్‌కీ అంతే. సైన్యంలో అగ్నివీర్‌కి పదిహేడున్నర చాలు, కానీ జనరల్ డ్యూటీకి పదిలో మొత్తం మీద 45 శాతం, ప్రతి సబ్జెక్టులో 33 ఉండాలి. బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ ప్రకారం పద్నాలుగు దాటి పద్ధెనిమిది నిండనివాళ్ళని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. గనులు, మందుగుండు లాంటివి ఆ జాబితాలో ఉన్నాయి. చదువూ పనీ కలిసి నడిచే దారి అప్రెంటిస్ చట్టంలో ఉంది. పద్నాలుగేళ్ళు నిండితే అప్రెంటిస్‌గా చేరొచ్చు, ప్రమాదకరమైన పనులైతే పద్ధెనిమిది.

అంటే పదికీ మొదటి ఉద్యోగానికీ మధ్య రెండు మూడేళ్ళ ఖాళీ ఉంటుంది. ఐటీఐయో, ప్లస్ టూవో, డిప్లొమావో ఆ ఖాళీలో పడతాయి. కాగితాలు సరిచేసుకోడానికి అంతకంటే మంచి సమయం మళ్ళీ దొరకదు.

మార్కుల షీటులో ఏ భాష ఉంది

మన సరిహద్దు పిల్లల చిక్కంతా ఇక్కడే ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రం అయినప్పుడు పర్లాకిమిడి ఊరు ఇటు వచ్చింది, పక్కనే ఉన్న పాతపట్నం మద్రాసు వైపే ఉండిపోయింది. చుట్టరికాలు, సంతలు, పెళ్ళి సంబంధాలు ఇప్పటికీ రెండు వైపులా ఉన్నాయి. బడులు కూడా అంతే. ఒకే వీధిలో ఒక పిల్ల ఒడియా మీడియంలో చదువుతుంది, పక్కింటి పిల్ల సైకిలెక్కి అటు వెళ్ళి తెలుగు మీడియంలో చదువుతుంది.

డాక్ సేవక్ నోటిఫికేషన్లో మనవాళ్ళు దాటేసి పోయే షరతు ఒకటుంది. ఏ సర్కిల్‌కి, అంటే తపాలా శాఖ విభాగానికి, దరఖాస్తు పెడుతున్నారో ఆ సర్కిల్ భాషని కనీసం పదో తరగతి దాకా చదివి ఉండాలి. ఒడిశా సర్కిల్‌కి ఒడియా, ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌కి తెలుగు. మాట్లాడటం వస్తే చాలదు, చదివినట్టు ఉండాలి. ఎక్కడ పుట్టారన్నది అడగరు.

నలుగురు పిల్లల్ని ఊహించుకుందాం. నలుగురివీ తెలుగు ఇళ్ళే, నలుగురికీ పదిలో 81 శాతమే.

మొదటి పిల్ల ఒడియా మీడియంలో చదివింది, తెలుగు ఇంట్లో మాటే తప్ప రాయడం రాదు. ఆమెకి ఒడిశా సర్కిల్ తెరిచి ఉంది, ఆంధ్ర సర్కిల్ మూసి ఉంది. రెండోవాడు పాతపట్నం బళ్ళో తెలుగు మీడియంలో చదివాడు. ఇల్లు పర్లాకిమిడిలోనే ఉన్నా, సొంత వీధి చివర పోస్టాఫీసులో ఖాళీ పడితే పెట్టుకోలేడు, నాలుగు కిలోమీటర్ల అవతల పెట్టుకోగలడు. మూడో పిల్ల ఒడిశాలోనే చదివి, తెలుగూ ఒడియా రెండూ సబ్జెక్టులుగా రాసింది. ఆమెకి రెండు తలుపులూ తెరిచే ఉన్నాయి. నాలుగోవాడి తల్లిదండ్రులు అందరికంటే ఎక్కువ ఖర్చు పెట్టారు. ఇంగ్లీషు మీడియం, రెండో భాష హిందీ. వాడి మార్కుల షీటులో ఒడియా లేదు, తెలుగూ లేదు. రెండు సర్కిళ్ళలో దేనికీ పనికిరాడు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా గడగడా మాట్లాడే పిల్లాడు వాడు.

నాలుగోవాడికి దారులన్నీ మూసుకుపోయాయని దీనర్థం కాదు. రైల్వే పరీక్ష, స్టాఫ్ సెలక్షన్ పరీక్ష ఏ భాషలో చదివినవాళ్ళయినా రాయొచ్చు. మల్టీ టాస్కింగ్ స్టాఫ్ పరీక్ష ఇప్పుడు హిందీ, ఇంగ్లీషులతో పాటు 13 ప్రాంతీయ భాషల్లో ఉంది, వాటిలో తెలుగూ ఒడియా రెండూ ఉన్నాయి. ఒక మెలిక మాత్రం గుర్తుంచుకోవాలి. అందులో ఇంగ్లీషు భాగం ఇంగ్లీషులోనే రాయాలి, రెండో సెషన్లో తప్పుకి మార్కు కోస్తారు. తెలుగులో పేపరు ఎంచుకున్నా ఇంగ్లీషు తప్పదు.

ఒడిశా రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల లెక్క ఇంకొకటి. ఒడియా మాట్లాడటం, చదవడం, రాయడం రావాలి. దానికి రుజువుగా ఏడో తరగతి లేదా ఆపై తరగతి చివరి పరీక్షలో ఒడియా భాషా సబ్జెక్టుగా పాసయి ఉండాలి, లేదా మెట్రిక్ ఒడియాలో రాసి ఉండాలి, అదీ లేకపోతే మిడిల్ స్కూలు స్థాయి ఒడియా పరీక్ష విడిగా రాసి పాసవ్వాలి. పాతపట్నంలో చదివిన రెండోవాడికి ఈ ఆఖరి దారి ఉందని మాలో చాలామందికి తెలియదు. ఆంధ్ర వైపు ఉద్యోగాల్లో మళ్ళీ 371-డి అధికరణ కింద స్థానికుల వాటా ఉంటుంది. అది మాతృభాషని బట్టి రాదు, పిల్ల ఏ ప్రాంతంలో చదివిందన్న దాన్ని బట్టి వస్తుంది. పర్లాకిమిడిలోనే చదువంతా ముగించిన తెలుగు పిల్ల అక్కడ నాన్ లోకల్ కిందకే వస్తుంది.

ఏ భాషలో చదివించాలన్న దాని మీద మా ఊళ్ళో పెద్దల మధ్య గట్టి వాదన నడుస్తుంటుంది. రాష్ట్రం ఒడిశా, ఉద్యోగాలు ఒడియాలో, పిల్లల్ని ఒడియా బళ్ళోనే వెయ్యాలని ఒక మాట. అలా చేస్తే రెండు తరాల్లో తెలుగు అక్షరం మాయమవుతుంది, మాతృభాషలో ప్రాథమిక విద్యకి వసతి చెయ్యమని రాజ్యాంగంలో 350-ఎ అధికరణ చెబుతోంది కదా, తెలుగు బడులు ఎందుకు వదులుకోవాలని రెండో మాట. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. మొదటివాళ్ళు పిల్ల పొట్ట గురించి ఆలోచిస్తున్నారు, రెండోవాళ్ళు పిల్ల మూలాల గురించి ఆలోచిస్తున్నారు. దరఖాస్తుల కోణంలో చూస్తే మీడియం ఏదైనా, రెండో భాష కూడా ఒక సబ్జెక్టుగా పరీక్ష రాసి మార్కుల షీటులో కనబడితే ఈ పోట్లాటలో సగం తీరుతుంది. అందుకు వీలున్న బడి దగ్గర్లో ఉందా అన్నది ఊరూరికీ మారుతుంది. బరంపురంలో ఉన్నంత సులువుగా ఏజెన్సీ పల్లెలో ఉండదు.

ఒకే పిల్ల, నాలుగు పేర్లు

తెలుగు ఇళ్ళలో ఇంటిపేరు ముందు వస్తుంది. ఒడిశా బళ్ళలో రిజిస్టరు రాసేవాళ్ళు అలవాటు ప్రకారం దాన్ని వెనక్కి తోస్తారు. పొట్నూరు ధనలక్ష్మి అనే పిల్ల ఉందనుకుందాం. బడి రిజిస్టరులో ధనలక్ష్మి పొట్నూరు. ఆధార్‌లో పి. ధనలక్ష్మి. బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు లేకుండా ఉత్త ధనలక్ష్మి. కులం సర్టిఫికెట్లో ధన ఒక ముక్క, లక్ష్మి ఒక ముక్క. పైగా ఇంగ్లీషులో లక్ష్మిని తెలుగువాళ్ళు కె, ఎస్, హెచ్ పెట్టి రాస్తారు, ఇక్కడ ఎక్కువమంది ఎక్స్ పెట్టి రాస్తారు. నాలుగు కాగితాలు, నలుగురు మనుషులు.

ఇంటర్వ్యూలు పోయాక సర్టిఫికెట్ల పరిశీలన బరువు బాగా పెరిగింది. పేరూ, పుట్టిన తేదీ పదో తరగతి సర్టిఫికెట్ ప్రకారమే చూస్తారు. దాంట్లో తప్పు పడితే తర్వాత దిద్దించడం తలకి మించిన పని, అఫిడవిట్లు, బోర్డు ఆఫీసు చుట్టూ తిరుగుళ్ళు. తొమ్మిదో తరగతిలో బోర్డు రిజిస్ట్రేషన్ జరుగుతుంది. ఆ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు తల్లో తండ్రో ఐదు నిమిషాలు పక్కన నిలబడి అక్షరం అక్షరం చదివించుకుంటే చాలు. చదువురాని తల్లి అయినా ఆధార్ కార్డు పక్కన పెట్టి "రెండూ ఒకటేనా?" అని అడగొచ్చు. ఏళ్ళ తరబడి చూశాక నాకు అనిపించేది ఇదే: ఈ ఐదు నిమిషాలు చేసే మేలు ఏ ఇంటర్వ్యూ కోచింగూ చెయ్యదు.

కులం సర్టిఫికెట్లోనూ సరిహద్దు గీత ఉంది. వెనుకబడిన తరగతుల కేంద్ర జాబితా రాష్ట్రాల వారీగా ఉంటుంది. శ్రీకాకుళంలో మేనమామ కొడుక్కి ఉన్న రిజర్వేషన్ పర్లాకిమిడిలో మేనత్త కొడుక్కి ఉండాలని లేదు, ఒడిశా జాబితాలో ఆ కులం ఆ పేరుతో ఉందో లేదో చూడాలి. ఒడిశా రాష్ట్ర ఉద్యోగాలకి ఇచ్చే ఎస్ఈబీసీ (సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతుల) సర్టిఫికెట్ వేరు, కేంద్ర ఉద్యోగాలకి ఇచ్చే ఓబీసీ సర్టిఫికెట్ వేరు. ఒకటి పెట్టాల్సినచోట ఇంకొకటి పెట్టి జనరల్‌లోకి జారిపోయిన కుర్రాళ్ళు నాకు తెలుసు.

ఇక నెట్ సెంటర్. దరఖాస్తు నింపేది పిల్లలు కాదు, సెంటర్లో కూర్చున్న అబ్బాయి. తొందరలో తన మెయిల్ ఐడీ, ఒక్కోసారి తన ఫోన్ నంబరే కొట్టేస్తాడు. హాల్ టికెట్ వచ్చిన మెసేజీ వాడికే వెళ్తుంది. నా దగ్గరికి వచ్చే పిల్ల ఒకతె అలాగే పరీక్ష తేదీ దాటిపోయాక తెలుసుకుంది. ఇంటికెళ్ళి రెండు రోజులు అన్నం ముట్టలేదని వాళ్ళమ్మ చెప్పింది. అప్పట్నుంచి నా దగ్గర కూర్చునే పిల్లలు మొదట చేసే పని సొంత మెయిల్ తెరిచి, పాస్‌వర్డ్ నోటుపుస్తకం ఆఖరి పేజీలో రాసుకోవడం.

హైస్కూల్లో ఇవన్నీ నేర్పాలా

దీని మీద మాస్టర్లలోనే రెండు అభిప్రాయాలున్నాయి. పదిహేనేళ్ళ పిల్లకి ఉద్యోగం మాటెత్తితే చదువు మీద మనసు విరిగిపోతుందని కొందరి భయం. అది గాలి భయం కాదు. గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాలకి వెళ్ళిన కుర్రాళ్ళు ఎంతమందో ఇక్కడ అందరికీ తెలుసు. "పది చాలు, పనికి పోదాం" అన్న మాట ఈ ప్రాంతంలో చాలా తేలిగ్గా తలకెక్కుతుంది. బడి పని చదువు చెప్పడం, కూలీల్ని తయారుచెయ్యడం కాదని వాళ్ళంటారు.

రెండోవైపు వాళ్ళు అడిగేదీ న్యాయంగానే ఉంది. పేదింటి పిల్లలు పద్ధెనిమిదికల్లా ఎలాగూ ఏదో పనిలో ఉంటారు. డబ్బున్న ఇంటి పిల్లకి ఫారం ఎలా నింపాలో బాబాయో అన్నయ్యో చెబుతారు. ఇంట్లో మొదటిసారి పది పాసయిన పిల్లకి బడి తప్ప చెప్పేవాళ్ళెవరు?

నాకు రెండోవాళ్ళ మాట ఎక్కువ నచ్చుతుంది, మొదటివాళ్ళ హెచ్చరికతో కలిపి. దానికి వేరే పీరియడ్ అక్కర్లేదు. భాషా పాఠంలో లేఖారచన ఎలాగూ ఉంది, సెలవు చీటీ పదోసారి రాయించే బదులు ఒకసారి దరఖాస్తు రాయించొచ్చు. లెక్కల్లో శాతాలు చెప్పేటప్పుడు జీతం చీటీ వెయ్యొచ్చు. మల్టీ టాస్కింగ్ స్టాఫ్ మొదటి సెషన్లో అడిగే లెక్కలు బళ్ళో చెప్పినవే. పరీక్షకి చదవడం, ఉద్యోగానికి తయారవ్వడం అంటూ మనం రెండు ముక్కలు చేసినవి చాలాచోట్ల ఒకటే.

"నీ గురించి చెప్పు" అన్నప్పుడు

ప్రైవేటు ఇంటర్వ్యూల్లో మొదటి ప్రశ్న ఇదే. భువనేశ్వర్ వైపయితే "నిజ బిషయరె కిఛి కుహంతు" అంటారు, హైదరాబాదులో తెలుగులోనో ఇంగ్లీషులోనో అడుగుతారు. మా ఇంటి అరుగు మీద ఆదివారాలు పిల్లల చేత ఇది చెప్పిస్తుంటాను. మొదటిసారి ఒక పిల్ల ఇలా చెప్పింది: "నా పేరు ఫలానా. మా నాన్న పేరు ఫలానా. మా ఊరు ఫలానా. నేను బాగా కష్టపడతాను." అక్కడితో ఆగి, ఓణీ కొస వేలికి చుట్టుకుంటూ నేల చూసింది.

ఆమె సెలవుల్లో ఏం చేస్తుందని అడిగాను. మేనమామకి బట్టల కొట్టు ఉంది, సంతరోజు అక్కడ కూర్చుంటుంది. బిల్లు రాస్తుంది. కొండ దిగి వచ్చే సవర ఆడవాళ్ళు చీరలు బేరం ఆడితే వాళ్ళ మాటల్లోనే నాలుగు ముక్కలు మాట్లాడుతుంది. లెక్క ఎప్పుడైనా తప్పిందా అంటే, "ఒకసారి నూట ఇరవై తక్కువొచ్చింది, సాయంత్రం బిల్లులన్నీ తిరగేసి పట్టుకున్నాను" అంది. ఇదంతా ఆమె ఇంటర్వ్యూలో చెప్పాలనుకోలేదు. అది చెప్పుకోవాల్సిన విషయమని ఆమెకి తట్టలేదు.

మూడు వారాల తర్వాత అదే పిల్ల జవాబు: "పది ఒడియా మీడియంలో 74 శాతంతో పాసయ్యాను. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, ఒడియా చదవడం రాయడం వచ్చు, హిందీ అర్థమవుతుంది, సవర కొంచెం మాట్లాడతాను. రెండేళ్ళుగా సంతరోజుల్లో బట్టల కొట్లో బిల్లులు రాస్తున్నాను. ఒకసారి నూట ఇరవై రూపాయలు తేడా వస్తే బిల్లులు చూసి నేనే పట్టుకున్నాను." నలభై సెకన్లు కూడా పట్టదు. కష్టపడతానన్న మాట అందులో లేదు, ఎదుటివాళ్ళే ఆ మాట అనుకుంటారు.

నాలుగు భాషల మధ్య పెరగడం మన పిల్లలు లోపంలా మోస్తున్నారు. ఇంగ్లీషు రాదన్న సిగ్గులో పడి మిగిలిన నాలుగూ చెప్పరు. ఆసుపత్రి కౌంటర్లో, షోరూంలో, సరిహద్దు ఊళ్ళలో బ్యాంకు తరఫున లావాదేవీలు చేసిపెట్టే కరస్పాండెంట్ పనిలో ఆ నాలుగు భాషలే రోజంతా పనికొస్తాయి. ఇంగ్లీషు నేర్చుకోవద్దని నేననను. తడబడే ఇంగ్లీషులో మొదలుపెట్టే బదులు, "తెలుగులో చెప్పొచ్చా సార్?" అని నిదానంగా అడిగిన పిల్లకి చాలాచోట్ల సరేనంటారు.

పద్నాలుగు వేలంటే చేతికి ఎంత

ఇంటర్వ్యూలో మనం కూడా ప్రశ్నలు అడగొచ్చని పిల్లలకి తెలియదు. అడిగితే తీసెయ్యరు కదా అని టెన్షన్ పడతారు. మర్యాదగా అడిగితే తప్పు పట్టేవాళ్ళు తక్కువ.

విశాఖ వైపు ఒక ఫ్యాక్టరీలో నెలకి 14,000 అన్నారనుకుందాం. అది పూర్తిగా మూలవేతనమే అయితే ప్రావిడెంట్ ఫండ్ కింద 12 శాతం, అంటే 1,680 కోస్తారు. జీతం 21,000 లోపు కాబట్టి ఉద్యోగుల వైద్య బీమా ఈఎస్ఐ ఉంటే ఉద్యోగి వాటా 0.75 శాతం, 105 రూపాయలు. చేతికి 12,215. ఈ రెండు కోతలూ పిల్లలకి మంచివే, ఒకటి పొదుపు, ఒకటి వైద్యం. గదికీ మెస్సుకీ 3,500 పోతే మిగిలేది 8,715. పండక్కి ఇంటికి వచ్చి వెళ్ళే ఖర్చు అందులోంచే. పర్లాకిమిడిలోనే ఇంట్లో తిని 9,000కి కొట్లో చేసే పిల్ల చేతిలో అంతకంటే ఎక్కువే మిగులుతుంది, కానీ ఆమెకి పీఎఫ్ ఉండదు, ఈఎస్ఐ ఉండదు, రెండేళ్ళ తర్వాత చూపించుకోడానికి అనుభవ పత్రమూ ఉండకపోవచ్చు. ఏది మేలన్నది ఇంటింటికీ మారే లెక్క. లెక్క వెయ్యాలంటే ముందు అంకెలు తెలియాలి.

బిల్లులు రాసే ఆ పిల్ల పోయిన వారం ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చింది. అన్నీ అయ్యాక ఇంకేమైనా అడగాలా అన్నారట. నోటుపుస్తకం ఆఖరి పేజీ తీసి, అక్కడ రాసుకున్నది చూసి అడిగిందట: "మెస్సు డబ్బులు జీతంలో కోస్తారా సార్, మేం విడిగా కట్టుకోవాలా?"